పుట్టిన ఊరు అడ్డొచ్చే పదవి

అరుణా మిల్లర్ పుట్టింది హైదరాబాద్‌లో. ఏడేళ్లప్పుడు అమెరికా వెళ్లారు. 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు, అంటే గవర్నర్ తర్వాతి స్థానం. పక్క రాష్ట్రం వర్జీనియాలో 2025 నవంబరులో అదే పదవికి గెలిచిన గజాలా హష్మీదీ హైదరాబాదే. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆమెను అక్కడికి తీసుకెళ్లారు. ఈ ఇద్దరూ రేపు గవర్నర్లు కావచ్చు, సెనేటర్లు కావచ్చు. అధ్యక్షులు మాత్రం కాలేరు, ఉపాధ్యక్షులూ కాలేరు.

కారణం అమెరికా రాజ్యాంగం రెండో అధికరణంలో ఉంది. అధ్యక్షుడికి 35 ఏళ్లు నిండాలి, దేశంలో 14 ఏళ్లు నివాసం ఉండాలి, పుట్టుకతోనే అమెరికా పౌరుడై ఉండాలి. మధ్యలో పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఎన్నేళ్లు అక్కడ బతికినా లెక్కలోకి రారు.

ఈ మాట పుట్టింది భయంలోంచి. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో తలుపులు వేసుకుని రాజ్యాంగం రాస్తున్నారు. బయటేమో పుకార్లు: ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ రెండో కొడుకును తెచ్చి గద్దె ఎక్కిస్తారట అని. పోలండ్‌కు పట్టిన గతి కూడా అందరికీ గుర్తుంది. అక్కడ రాజును ఎన్నుకునేవాళ్లు. ఇరుగుపొరుగు రాజ్యాలు డబ్బు వెదజల్లి, సైన్యాన్ని చూపించి తమ మనిషిని కూర్చోబెట్టేవి. చివరికి 1772లో ఆ దేశాన్నే తలా ఒక ముక్క కోసుకున్నాయి. జులై 25న, అప్పట్లో విదేశీ వ్యవహారాలు చూస్తున్న జాన్ జే ఆ సభకు అధ్యక్షత వహిస్తున్న జార్జ్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు: అధ్యక్షుడి చేతికి వచ్చే సర్వసైన్యాధిపత్యం పుట్టుకతో పౌరుడైనవాడికి తప్ప ఇంకెవరికీ దక్కకూడదని. సెప్టెంబరు ముసాయిదాలోకి ఆ షరతు వచ్చేసింది. దానిమీద సభలో చర్చంటూ జరగలేదు.

ఆ రాజ్యాంగం మీద సంతకం చేసిన 39 మందిలో ఏడుగురు పరాయి నేలల్లో పుట్టినవాళ్లే. కరీబియన్ దీవి నుంచి వచ్చిన అలెగ్జాండర్ హామిల్టన్ వాళ్లలో ఒకడు. అందుకే రాజ్యాంగం ఆమోదం పొందేనాటికి పౌరులైనవాళ్లకు మినహాయింపు రాసుకున్నారు. ఆ తరం తమవాళ్లను నమ్మింది. తర్వాత వచ్చేవాళ్లను నమ్మలేదు.

పోనీ, 'పుట్టుకతో పౌరుడు' అంటే ఎవరో వివరించారా అంటే అదీ లేదు. విదేశంలో పౌరులకు పుట్టిన పిల్లలూ పుట్టుకతో పౌరులేనని 1790 చట్టం చెప్పింది. 1795లో ఆ మాట తీసేశారు. పనామా కాలువ ప్రాంతంలో పుట్టి, అధ్యక్ష పదవికి పోటీపడిన జాన్ మెకెయిన్‌కు అర్హత ఉందని 2008లో సెనేట్ తీర్మానం చేయాల్సి వచ్చింది. కెనడాలో పుట్టిన సెనేటర్ టెడ్ క్రూజ్ తర్వాత బరిలోకి దిగినప్పుడూ ఇదే గొడవ. హోనొలూలులో పుట్టిన బరాక్ ఒబామా 2011లో పూర్తి జనన ధ్రువపత్రాన్ని బయటపెట్టాల్సి వచ్చింది. ఆయనను అడిగినంత గట్టిగా మెకెయిన్‌ను అడగలేదు. రంగు దీనికి కారణం కాదని నేను అనుకోలేను.

ఎందుకంటే పౌరసత్వ చట్టం మొదటినుంచీ రంగు చూసింది. అదే 1790 చట్టం తెల్లవాళ్లకే పౌరసత్వం ఇచ్చింది. పంజాబ్ నుంచి వెళ్లి పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు ఆ లెక్కలోకి రారని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందినవాళ్లు సైతం పోగొట్టుకున్నారు. 1946లో గానీ మనవాళ్లకు ఆ దారి తెరుచుకోలేదు. మన ఊళ్లనుంచి డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లింది 1965 వలస చట్టం తర్వాతే.

షరతు మార్చాలని 2003లో సెనేటర్ ఓరిన్ హాచ్ సవరణ తెచ్చారు: పౌరసత్వం వచ్చి 20 ఏళ్లయితే పోటీ చేయవచ్చు. అదే ఏడాది ఆస్ట్రియాలో పుట్టిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కాలిఫోర్నియా గవర్నర్‌గా గెలిచారు. అంతే, సవరణ ఆయన కోసమే అన్నట్టయిపోయింది. దానిమీద సెనేట్ కమిటీలో విచారణ జరిగింది గానీ ఓటింగ్ దాకా రాలేదు. వచ్చినా ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపై 38 రాష్ట్రాల ఆమోదం కావాలి.

మన రాజ్యాంగం 58వ అధికరణం రాష్ట్రపతి భారత పౌరుడై ఉండాలంటుంది గానీ, ఎక్కడ పుట్టారని అడగదు. 1999లో సోనియా గాంధీ ప్రధాని అభ్యర్థిత్వం మీద శరద్ పవార్, పి.ఎ. సంగ్మా, తారిక్ అన్వర్ తిరగబడి కాంగ్రెస్‌కు దూరమయ్యారు. ఇక్కడా చర్చ ఒక మనిషి చుట్టూనే తిరిగింది, సూత్రం దాకా రాలేదు.

20 ఏళ్ల గడువు న్యాయమైనదే అని నా అభిప్రాయం. పరాయి దేశపు డబ్బు ఎన్నికల్లో చొరబడాలంటే అభ్యర్థి విదేశంలో పుట్టి ఉండాల్సిన పనేం లేదు. న్యూజెర్సీలో ఒక తెలుగు ఇంట్లో అక్క గుంటూరులో పుట్టి రెండేళ్లకు అక్కడికి వెళ్లి ఉంటుంది, తమ్ముడు అక్కడే పుట్టి ఉంటాడు. ఒకే బడి, ఒకే జెండా. పోటీకి అర్హత తమ్ముడికే. ఆ తమ్ముడిలా అక్కడే పుట్టేవాళ్లకూ చిక్కు వచ్చింది. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు, తల్లిదండ్రులిద్దరూ హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉంటే ఇకపై అక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం రాదంది. కోర్టులు దాన్ని ఆపాయి. ఆ రోజుల్లో నిండు గర్భిణుల ఇళ్లలో ఒకటే టెన్షన్.