ఆశ్రయం చట్టం దేశానిది, బిల్లు నగరానిది

విశాఖలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు లెక్కలేదు. ఆ ఇళ్లలో న్యూయార్క్ వార్త కూడా ఊరి వార్తే. మూడు, నాలుగేళ్లుగా ఆ ఇళ్లలో తరచూ వినిపిస్తున్న మాట ఒకటుంది: "మన పిల్లలు కట్టే ట్యాక్సులతో సరిహద్దు దాటి వచ్చినవాళ్లని హోటళ్లలో పెడుతున్నారట!" ఆ కోపాన్ని తీసిపారేయలేం. కానీ ఆ హోటల్ బిల్లు ఎలా మొదలైందో తెలియకపోతే, కోపం తగలకూడని వాళ్లకి తగులుతుంది.

దీని మూలం 1979లో ఉంది. న్యూయార్క్ వీధుల్లో పడుకునే మగవాళ్ల తరఫున రాబర్ట్ హేస్ అనే యువ లాయరు కోర్టుకెళ్లాడు. దిక్కులేని వాళ్లను ఆదుకోవడం ప్రభుత్వం పని అని రాష్ట్ర రాజ్యాంగంలో 1938లోనే చేర్చారు, ఆయన దాన్నే పట్టుకున్నాడు. 1981లో నగరం రాజీకొచ్చి, చోటు అడిగిన మగవాళ్లకి పడక ఇస్తామని ఒప్పుకుంది. తర్వాతి కేసులతో అది ఆడవాళ్లకీ, కుటుంబాలకీ వర్తించింది. అప్పట్లో ఎవరి మనసులోనూ విదేశాల నుంచి వచ్చేవాళ్లు లేరు.

రెండో ముడి 1996లో పడింది. సొంత దేశంలో ప్రమాదం ఉందని చెప్పి అమెరికాలో ఆశ్రయం కోరినవాళ్లకి దరఖాస్తు పెట్టుకున్న 180 రోజుల దాకా పని పర్మిట్ ఇవ్వకూడదని అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. దరఖాస్తు నింపడానికే లాయరు దొరక్క నెలలు గడిచిపోతాయి. అన్నాళ్లూ మనిషి సంపాదించకూడదు, కానీ తినాలి, ఎక్కడో పడుకోవాలి. నా దృష్టిలో మొత్తం గొడవకి కీలకం ఇదే. పని చెయ్యొద్దన్నది వాషింగ్టన్, అన్నం పెట్టాల్సింది న్యూయార్క్.

2022లో ఈ రెండూ ఒకేసారి మీదపడ్డాయి. వెనెజువెలా, ఈక్వెడార్ లాంటి దేశాల నుంచి జనం టెక్సాస్ సరిహద్దుకి వచ్చారు. టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ వాళ్లను బస్సులెక్కించి ఆగస్టు నుంచి న్యూయార్క్‌కి పంపడం మొదలుపెట్టాడు. సొంతంగా వచ్చినవాళ్లూ చాలామంది. రెండేళ్లలో 2 లక్షలు దాటారు.

షెల్టర్లు నిండిపోయాయి. కరోనా కాలంలో మూతపడ్డ రూజ్‌వెల్ట్ హోటల్‌ని 2023 మేలో వీళ్ల కోసం షెల్టర్‌గా తెరిచారు. వెయ్యికి పైగా గదులున్న ఆ హోటల్ పాకిస్తాన్ ప్రభుత్వ విమానసంస్థది కావడంతో రాజకీయం ఇంకా వేడెక్కింది. అదే వేసవిలో లోపల చోటు లేక, హోటల్ బయట ఫుట్‌పాత్ మీద అట్టలు పరుచుకుని వందల మంది రాత్రులు గడిపారు. మరుసటి జనవరిలో పెనుగాలికి నగరం షెల్టర్‌గా వేసిన గుడారాలు నిలవవేమోనని దాదాపు 2 వేల మందిని బ్రూక్లిన్‌లో ఒక హైస్కూలుకి తరలించారు, ఆ స్కూలు పిల్లలు ఒకరోజు ఇంటినుంచే ఆన్‌లైన్‌లో చదువుకున్నారు. అక్కడి తల్లిదండ్రుల కోపం అర్థమవుతుంది. చలిలో పిల్లల్ని చంకనేసుకుని బస్సెక్కిన ఆ తల్లుల టెన్షన్ కూడా అర్థం కావాలి.

ఈ ఖర్చు 2025 మధ్యనాటికి 1,200 కోట్ల డాలర్లవుతుందని మేయర్ ఎరిక్ ఆడమ్స్ 2023లో లెక్కచెప్పాడు. తర్వాత ఆ అంచనా తగ్గింది. "ఇది న్యూయార్క్‌ని నాశనం చేస్తుంది" అనేదాకా వెళ్లాడు. అప్పుడు మేయర్, గవర్నర్, అధ్యక్షుడు ముగ్గురిదీ డెమొక్రాటిక్ పార్టీయే, అయినా డబ్బు దగ్గర ఒకరి మీద ఒకరు నెట్టుకున్నారు. ఖర్చు పేరుతో ఆదివారాలు లైబ్రరీలు మూసేశారు. వలస వచ్చినవాళ్ల బస చూసుకోవడానికి టెండరు లేకుండా ఒక కంపెనీకి ఇచ్చిన 43.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టుకి నగర ఆర్థిక పర్యవేక్షకుడు బ్రాడ్ లాండర్ ఆమోదం ఇవ్వలేదు. హోటల్‌లో ఉన్నవాళ్లని తిట్టేవాళ్లు, ఆ కాంట్రాక్టుల వైపు కూడా ఒకసారి చూడాలి.

బ్రిటన్‌లో ఇలాంటి హోటల్ బిల్లు కేంద్ర ప్రభుత్వమే కడుతుంది. అయినా ఎప్పింగ్ అనే ఊళ్లో ఆశ్రయం కోరినవాళ్లని ఉంచిన ఒక హోటల్ విషయమై 2025లో స్థానిక కౌన్సిల్ కోర్టుకెక్కింది.

మన కంచరపాలెం బర్మా క్యాంపుని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. 1962లో నె విన్ సైన్యం అధికారం పట్టాక బర్మాలో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి, 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. తరాలుగా అక్కడ బతికిన తెలుగువాళ్లు చేతిలో పెద్దగా ఏమీ లేకుండా ఓడలెక్కి వచ్చేశారు. వాళ్లు భారత సంతతివాళ్లు కాబట్టి రెండు కథలూ ఒకటి కావు. కానీ వచ్చినవాళ్లని పని చేసుకోవద్దని ఇక్కడ ఎవరూ అనలేదు. బర్మా నూడుల్స్ బండి పెట్టుకున్నా, కూలికి వెళ్లినా అడ్డం లేదు.

న్యూయార్క్‌లో 2024 మార్చిలో కుదిరిన ఒప్పందంతో కుటుంబం లేకుండా ఒంటరిగా వలస వచ్చిన పెద్దవాళ్లకి షెల్టర్ మామూలుగా 30 రోజులకే పరిమితమైంది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం షెల్టర్ ఖర్చుకని ఇచ్చిన 8 కోట్ల డాలర్లు నగరం ఖాతాలోంచి వెనక్కి లాగేసుకుంటే నగరం దావా వేసింది. జూన్‌లో రూజ్‌వెల్ట్ షెల్టర్ మూతపడింది. 1996 నాటి 180 రోజుల నిబంధన మాత్రం ఆ ఏడాది కూడా చట్టంలో అలాగే ఉంది.