కొండకొక పాట, వాకిలికొక పాట

సంప్రదాయం తప్పని సలార్ పెళ్లిలో పెళ్లికూతురు పుట్టింటి గడపను ముందుకు నడుస్తూ దాటదు. ఇంటివైపే ముఖం పెట్టి, దగ్గరి బంధువులు చెరొక చెయ్యి పట్టుకొని నడిపిస్తుండగా, వాకిట్లో ధాన్యపు గింజలు చల్లుతూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ బయటకు వస్తుంది. తాను వెళ్లిపోయినా పుట్టింటి సిరి అక్కడే నిలవాలని ఆ గింజలు చల్లుతారు. ఆ నడక సాగినంతసేపూ ఆమె పాడుతూనే ఉంటుంది. పాడుతూ ఏడుస్తున్నదో, ఏడుస్తూ పాడుతున్నదో విడదీసి చెప్పడం వినేవారికి సాధ్యం కాదు.

సలార్లు చైనాలో హొయాంగ్‌హో నది ఎగువ తీరాన, చింగ్‌హై ప్రావిన్స్‌లోని షున్‌హువా ప్రాంతంలో ప్రధానంగా నివసించే ముస్లింలు. 2020 జనాభా లెక్కల ప్రకారం వీరి సంఖ్య దాదాపు 1,65,000. వీరి భాష తుర్కిక్ కుటుంబంలోని ఓగుజ్ శాఖకు చెందినది. దానికి దగ్గరి చుట్టమైన తుర్క్‌మెన్ భాష వేల కిలోమీటర్ల పడమరన ఉంది. కరమాన్, అఖ్మాన్ అనే అన్నదమ్ములు తెల్ల ఒంటె మీద ఖురాన్‌ను, సొంత గడ్డ మట్టిని, నీటిని పెట్టుకొని మధ్య ఆసియాలోని సమర్‌ఖండ్ నుంచి బయలుదేరారనీ, ఒంటె ఒక ఊట దగ్గర రాయిగా మారిపోవడంతో అక్కడే స్థిరపడ్డారనీ వీరి పురాగాథ చెబుతుంది. సలార్ భాషకు అందరూ వాడే లిపి లేదు. అందుచేత ఈ కథ పుస్తకంలో కన్నా ఎక్కువగా పెళ్లి ఆటలోనే బతికింది. ఇద్దరు మనుషులు ఉన్నికోట్లను తిరగేసి కప్పుకొని ఒంటె అవుతారు. మూడో మనిషి దాన్ని నడిపించుకొచ్చే యాత్రికుడు. నాలుగో మనిషి దారిలో ఎదురైన మంగోలు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఒంటె మీద ఏముంది అని అతడు అడుగుతాడు, యాత్రికుడు జవాబిస్తాడు. జాతి చరిత్ర అంతా ఆ నాలుగు మాటల సంభాషణలో ఇమిడిపోతుంది.

పెళ్లికూతురు పాడే వీడ్కోలు పాటను సాఖ్స్ అంటారు. మన అప్పగింతల పాటలు వెంటనే గుర్తుకొస్తాయి గానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన దగ్గర ఆ పాట పెద్దవాళ్లైన ఆడవారు పాడతారు, వధువు తలవంచుకొని వింటుంది. సలార్ల ఇంట పాట వధువుదే. కన్నవారి ప్రేమను తలుచుకోవడమే కాదు, ఇంత తొందరగా పంపేస్తున్నారేమని వారిని నిలదీయడానికీ, పెళ్లి కుదిర్చిన మధ్యవర్తిని దెప్పడానికీ ఆమెకు ఆ కొద్దిసేపు హక్కు ఉంటుంది. మామూలు రోజుల్లో పెద్దల ముందు నోరు విప్పని పిల్లకు, ఊరంతా వింటుండగా తన మనసులో మాట చెప్పుకోవడానికి రాగం ఒక రక్షణ కల్పిస్తుంది. కజఖ్ వధువులు పాడే ‘సింసు’ కూడా ఇలాంటి వీడ్కోలు పాటే. సలార్ల పెళ్లి వేడుకను చైనా ప్రభుత్వం 2006లో జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

వాకిట్లో ఇంత చనువున్న గొంతుకు కొన్ని పాటల విషయంలో మాత్రం గట్టి కట్టడి ఉంది. చింగ్‌హై, గాన్సు ప్రావిన్సులలో తొమ్మిది జాతులవారు పాడుకునే హువార్ అనే ప్రేమ గీతాలను సలార్లు కూడా ఎంతో ఇష్టంగా పాడతారు, కానీ ఇంట్లో పాడరు. తల్లిదండ్రుల ముందు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి ఉన్నచోట ఆ పాట ఎత్తడం మర్యాద కాదు. దాని చోటు కొండవాలు, పొలం, దూరప్రయాణపు దారి. నాలుగు పాదాల చరణంలో మొదటి రెండు పాదాలు కొండనో పువ్వునో నీటినో చూపిస్తాయి, తర్వాతి రెండు మనసులోని మాట బయటపెడతాయి. మాటలు ఎక్కువగా ఆ ప్రాంతపు చైనీస్ మాండలికంలో ఉంటాయి. వాటి మధ్య సలార్, టిబెటన్ పదాలు కలగలిపి పాడే పద్ధతికి అక్కడివారు పెట్టుకున్న పేరు ‘గాలి మంచును కలియబెట్టడం’. భాషల కలయికకు ఇంతకన్నా అందమైన పేరు నేను ఎక్కడా వినలేదు. సలార్ల బాణీలో గొంతును సాగదీసి వణికించే తీరు పొరుగునున్న టిబెటన్ల ప్రేమ పాటల నుంచి వచ్చినది. హువార్ బాణీలను లింగ్ అంటారు. వాటిలో కొన్నింటిని మెంగ్దా వంటి సలార్ ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు. అచ్చమైన సలార్ భాషలో పాడుకునే ప్రేమ పాటలు వేరే ఉన్నాయి, వాటిని యూర్ అంటారు.

కొండ మీద పాడే పాట అంత ఎత్తు శ్రుతిలో ఎందుకు సాగుతుందో ధ్వనిశాస్త్రం కొంతవరకు వివరిస్తుంది. ఆరుబయట, దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని స్థాయి సుమారు 6 డెసిబెల్‌లు పడిపోతుంది. గదిలో లాగా తిరిగి పంపించడానికి గోడలుండవు. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య ధ్వనులను అన్నిటికన్నా బాగా పసిగడుతుంది. బిగించి ఎత్తుగా పాడిన గొంతులో ఆ మేరలోని అనుస్వరాలు, అంటే మూల స్వరంతోపాటే పుట్టే పై స్వరాలు, బలంగా ఉంటాయి కాబట్టి, అవతలి గట్టు మీది మనిషికి మాట తెలియకపోయినా పిలుపు అందుతుంది. సాగదీసిన స్వరాలకు కూడా ఇదే ప్రయోజనం: గాలి మధ్యలో కొంత చెదరగొట్టినా, మిగిలిన భాగంతో చెవి రాగాన్ని పూరించుకుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు కొసన నిలిచేది సలార్ స్త్రీల నోటి వాద్యం. సలార్ల సంప్రదాయ వాద్యాలలో ముందుగా చెప్పుకోవలసింది ఇదే. చైనీస్‌లో కౌషియాన్ అనే ఈ వాద్యం మన కచేరీల్లో వినిపించే మోర్సింగ్‌కు చెల్లెలు వంటిది, కాకపోతే మరీ చిన్నది. రాగితోనో వెండితోనో గుర్రపు నాడా ఆకారంలో వంచిన చట్రం, దాని మధ్య సన్నని లోహపు నాలుక, ఆ నాలుక కొస కొంచెం పైకి వంగి ఉంటుంది. అంతా కలిపి అరచేతిలో దాక్కుంటుంది. పళ్లకు ఆనించి, కొసను వేలితో మీటితే నాలుక కంపిస్తుంది. ఆ కంపనం ప్రాథమిక పౌనఃపున్యం మారదు. మారేది వాయించే మనిషి నోరు. ఉదాహరణకు నాలుక సెకనుకు 100 సార్లు కంపిస్తే దానితోపాటు 200, 300, 400 హెర్ట్జ్ అనుస్వరాలు కూడా పుడతాయి. పెదవులు, నాలుక, గొంతు కదిపి నోటి గది ఆకారాన్ని మారుస్తే, అనునాదం వల్ల వాటిలో ఒక్కోసారి ఒక్కొక్కటి పైకి తేలుతుంది. మనం ‘ఆ’ను ‘ఈ’గా మార్చేటప్పుడు నోటిలో జరిగేది కూడా ఇదే. అందుకే ఈ వాద్యం వింటుంటే ఎవరో పెదవి విప్పకుండా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అమ్మాయిలు దీనితో ప్రియునికి కబురు చెప్పుకునేవారన్న మాట వెనుక ఇంత భౌతికశాస్త్రం ఉంది. ఆ శబ్దం ఎక్కువ దూరం వెళ్లదు. పక్కగదిలోని తండ్రికి వినపడదు.

అడవిలో మానులు నరికి లాగేటప్పుడు, మట్టిగోడలు దిమ్మిస చేసేటప్పుడు, కళ్లంలో గింజలు కొట్టేటప్పుడు పాడే శ్రమగీతాలు కూడా వీరికి ఉండేవి. ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటూ బలాన్ని ఒకే క్షణానికి కూర్చే పాటలవి. పని యంత్రాలకు మారాక వాటి అవసరం తీరింది.

హువార్‌ను యునెస్కో 2009లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఆ పాటలు వేదికల మీద, పోటీల్లో వినిపిస్తున్నాయి. మైకు ముందు కొండగొంతుతో పనిలేదు, లౌడ్‌స్పీకర్ పెడితే నోటి వాద్యం గుసగుస కూడా చివరి వరుస దాకా పోతుంది. పాటలు మిగలడం సంతోషమే. కానీ ఎవరి ముందు పాడవచ్చు, ఎవరి ముందు కూడదు అన్న ఎరుకే ఈ సంగీతంలో సగం అని నా నమ్మకం. దాన్ని రికార్డింగ్ పట్టుకోలేదు. వీడ్కోలు పాట సంగతి మరీ కష్టం. దాన్ని వధువు తన మాటల్లో అల్లుకోవాలి, అందుకు సలార్ భాష నాలుక మీద ఆడాలి. బడిలో, బజారులో చైనీస్‌తో పెరిగిన అమ్మాయి అదే వాకిట్లో వెనక్కి నడుస్తూ గింజలు చల్లగలదు. ఆ నడకకు తోడుగా పాడవలసిన మాటలను మాత్రం నాయనమ్మ దగ్గర కూర్చొని నేర్చుకోవలసిందే.