షెల్ షాక్ పిరికివాళ్ళ జబ్బా? కందకాల యుద్ధంపై కొన్ని అపోహలు

మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళు మా ఓపీలో కూర్చోగానే నిద్ర పట్టని సంగతి ఎత్తరు. "నేను భయపడే మనిషిని కాదు డాక్టరుగారూ" అంటారు ముందు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో ఉన్నవాళ్ళూ ఇదే నిరూపించుకోవాల్సి వచ్చింది. యుద్ధంలో వాళ్ళ మనసు దెబ్బతినడానికి పెట్టిన పేరే షెల్ షాక్; షెల్ అంటే ఫిరంగి గుండు.

అపోహ: ఎక్కువమందిని చంపింది విషవాయువు.
కాదు, ఫిరంగి గుళ్ళు.

అపోహ: ట్రెంచ్ ఫుట్ (కందకాల్లో వచ్చే కాళ్ళ జబ్బు) అంటే మంచుకి కాళ్ళు గడ్డకట్టడం.
గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. వరినాట్లప్పుడు నీళ్ళలో నాని వేళ్ళ సందులు పుండ్లు పడటం మనకు తెలిసిందే. దానికి చలి, బిగుతు బూట్లు, గంటల తరబడి కదలకుండా నిలబడటం కలపండి. రక్తం ఆడక కాళ్ళు మొద్దుబారేవి, ముదిరితే కుళ్ళేవి. జతగా ఉన్న ఇద్దరూ ఒకరి కాళ్ళకొకరు తిమింగలం నూనె పట్టించి, రోజూ పొడి మేజోళ్ళు వేసుకోవాలని నియమం పెట్టాక బాగా తగ్గింది.

అపోహ: షెల్ షాక్ పిరికివాళ్ళకే వస్తుంది.
ఒంటిమీద గాయం ఉండదు. అయినా మాట పడిపోతుంది, కాళ్ళు చచ్చుబడతాయి, వణుకు ఆగదు. 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ సైన్యం డాక్టరు లాన్సెట్ అనే వైద్య పత్రికలో షెల్ షాక్ అనే పేరు వాడాడు. దగ్గర్లో గుండు పేలడం వల్లే వస్తుందని మొదట అనుకున్నారు. తీరా చూస్తే పేలుడు దరిదాపుల్లో లేనివాళ్ళకీ అవే లక్షణాలు! 1917లో బ్రిటిష్ సైన్యం ఆ మాటే వాడొద్దని, "ఇంకా నిర్ధారణ కాని నరాల జబ్బు" అని రాయమని ఆదేశించింది. పేరు మారిస్తే వణుకు తగ్గుతుందా? సాహసానికి పతకాలు తెచ్చుకున్న అధికారులు కూడా ఎడింబరాలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో చేరారు. అక్కడ రివర్స్ అనే డాక్టరు, జరిగింది మర్చిపొమ్మనకుండా, దాన్ని వాళ్ళ నోటితోనే చెప్పించాడు. అదే కాలంలో లండన్‌లో మాట పోయిన సైనికుల గొంతుకి చికిత్స పేరుతో కరెంటు పెట్టారు. పిరికితనం, పారిపోవడం వంటి నేరాల కింద బ్రిటన్ కాల్చి చంపిన 306 మందికి క్షమాభిక్ష 2006లో గానీ రాలేదు.

అపోహ: నాలుగేళ్ళూ ముందు వరసలోనే ఉన్నారు.
లేదు. అక్కడ కొద్ది రోజులు, తర్వాత వెనక వరస, ఆపైన విశ్రాంతి, మళ్ళీ ముందుకి. నా లెక్కలో మనిషిని నలిపింది రోజుల సంఖ్య కంటే, గుండు ఎప్పుడు పడుతుందో తెలియక, కదిలే వీల్లేక కూర్చోవడం. విమానాలు నడిపే పైలట్ల కంటే, తాడుకి కట్టిన బెలూన్లో కూర్చుని శత్రువుని కనిపెట్టేవాళ్ళలో ఇలాంటి నరాల జబ్బు ఎక్కువని రివర్స్ గమనించాడు. పైలట్ కనీసం విమానాన్ని పక్కకి తిప్పగలడు. కందకంలో ఉన్నవాడిది ఆ బెలూన్లో మనిషి పరిస్థితే.