నల్లగొండ బండి మీద ఐదో రుచి

సాయంత్రం ఆరు దాటితే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బండ్ల మీద లైట్లు వెలుగుతాయి. మిర్చి, పునుగులు, నూడుల్స్, కాల్చిన మక్క కంకులు. మొన్న ఆ వరుస చివర ఒక కొత్త బండి కనిపించింది. ఎర్ర గుడ్డ మీద తెల్లటి అక్షరాలతో ‘టకోయాకి’ అని రాసి ఉంది. అమ్మను కంటి డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాం. అమ్మ ఆ పేరును పట్టించుకోలేదు. పెనం చూసి ఆగింది.

"గిది మన గుంత పొంగనాల పెనమే గదా బిడ్డా!"

చూస్తే అదే. అరచేతిలో పట్టేంత గుంతలు వరుసలు వరుసలుగా ఉన్న నల్లటి ఇనుప పెనం. బండి నడిపే అబ్బాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. హైదరాబాద్‌లో జపాన్ వంటలు చేసే హోటల్లో కొన్నాళ్ళు పనిచేసి, సొంతూళ్ళో బండి పెట్టుకున్నానని చెప్పాడు.

జపాన్ భాషలో ‘టకో’ అంటే ఆక్టోపస్, ‘యాకి’ అంటే కాల్చింది. ఇది ఒసాకా నగరంలో పుట్టిన తిండి. 1935లో ఎండో తోమెకిచి అనే వ్యాపారి పిండి ఉండల మధ్య అంతకుముందు పెడుతున్న మాంసం బదులు ఆక్టోపస్ ముక్క పెట్టాడు. పక్కనున్న అకాషి ఊళ్ళో అలా చేస్తారని ఒక గిరాకీ చెప్పాడట. ఇప్పుడు పైన పోసే నల్లటి సాస్ అప్పట్లో లేదు, అది తరువాత వచ్చి చేరింది. నల్లగొండలో ఆక్టోపస్ ఎక్కడ దొరుకుతుంది? ఈ అబ్బాయి ఉడికించిన చికెన్ ముక్కలు, స్వీట్ కార్న్ పెడుతున్నాడు. అదే నయమనిపించింది నాకు. ఎక్కడి తిండైనా కొత్త ఊరికి వచ్చినప్పుడు ఆ ఊళ్ళో దొరికే దానితోనే నిలబడాలి.

పెనం మనదే అయినా పని మాత్రం వేరు. పొంగనాల పిండి గట్టిగా, గరిటె జారుగా ఉంటుంది. అతని పిండి మజ్జిగ లెక్క పల్చగా ఉంది. గోధుమ పిండి ఒక వంతైతే సముద్రపు నాచు కాచిన రసం మూడు నాలుగు వంతులు, ఆపైన గుడ్లు. గుంతలు నింపి ఊరుకోలేదు, పెనం మొత్తం మునిగేదాకా పోశాడు. కాసేపయ్యాక దబ్బనం లాంటి పుల్ల తీసుకుని గుంతకూ గుంతకూ మధ్య గీతలు గీశాడు. ఒక్కో గుంత అంచున పుల్ల గుచ్చి, లోపలిది పావు వంతు మాత్రమే తిప్పాడు. ఆ పావు తిప్పులోనే ఉంది కిటుకంతా.

గుంత సగం గోళమే. మరి అందులోంచి పూర్తి గోళం ఎలా వస్తుంది? ముందు ఇనుముకు ఆనుకున్న పిండి మాత్రమే గట్టిపడి చిప్పలా తయారవుతుంది, లోపల ఇంకా పిండి రసమే. చిప్పను పక్కకు వాలిస్తే ఆ రసం కిందికి జారి, ఖాళీ అయిన చోట ఇనుముకు తగిలి కొత్త గోడ కడుతుంది. చుట్టూ మిగిలిన అంచుల్ని కూడా పుల్లతో లోపలికి నెడతాడు. మళ్ళీ తిప్పితే మిగిలిన గోడ పడుతుంది. అమ్మ పొంగనాన్ని ఒక్కసారే బోర్లా తిరగేస్తుంది. గట్టి పిండి జారదు కాబట్టి దానికి అంతే సాధ్యం.

అంటుకోకుండా ఎలా వస్తోందని అడిగితే, "పెనం పాతదన్నా" అన్నాడు. సరైన జవాబే. వాడగా వాడగా నూనె పెనం మీద మళ్ళీ మళ్ళీ కాగుతుంది. దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పల్చటి పొరగా ఇనుమును పట్టుకుంటాయి. నల్లటి నునుపు అదే. ఇక పిండి అడుగు ఆరి కరకరలాడే పెచ్చు కట్టిందంటే దానంతటదే పెనాన్ని వదిలేస్తుంది. తొందరపడి పచ్చి మీద కదిపితే చిరిగిపోతుంది. దోసె వేసే ప్రతి చేతికీ ఈ సంగతి తెలుసు.

ప్లేటులో ఆరు ఉండలు వచ్చాయి. "జర ఆగున్రి, లోపల మస్తు వేడుంటది" అని అతను చెబుతూనే ఉన్నాడు, నేను ఒకటి నోట్లో వేసుకున్నాను. అంగిలి కాలింది. మూడు రోజులు ఏం తిన్నా మంటే.

ఇంత వేడి ఎందుకు దాగి ఉంది? పెచ్చు దగ్గర నీళ్ళన్నీ ఆవిరైపోయాయి, కాబట్టి అక్కడ వేడి 140 డిగ్రీలు దాటి పిండిలోని ప్రోటీన్లు, చక్కెరలు కలిసి ఎర్రబడ్డాయి. ఈ రసాయన చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. లోపల మాత్రం ఎక్కువ భాగం నీళ్ళే. గోధుమ పిండిలోని గంజి గింజలు అరవై డిగ్రీల చుట్టుపక్కల నీళ్ళు పీల్చి ఉబ్బి, చిక్కటి ముద్దగా మారతాయి. నీటికి వేడిని దాచుకునే గుణం ఎక్కువ. ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ చల్లారుతూ వదిలే వేడి, అంతే బరువున్న వంటనూనె వదిలే దానికి దాదాపు రెట్టింపు. పైగా చిక్కటి ముద్దలో నీళ్ళు అటూ ఇటూ తిరగలేవు కాబట్టి లోపలి వేడి తొందరగా పైకి రాదు. వేడి గటకను పళ్ళెం అంచు నుంచి కొంచెం కొంచెంగా తీసుకుని తినే మన పెద్దవాళ్ళ అలవాటు ఇందుకే.

పొంగనం అంగిలిని ఇంతగా కాల్చదు. బియ్యం, మినప్పప్పు రుబ్బి రాత్రంతా ఉంచితే అందులో చేరే బాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పిండి పొంగుతుంది, కాలినప్పుడు ఆ బుడగలు అలాగే గట్టిపడి స్పాంజి అవుతుంది. స్పాంజిలో గాలి ఎక్కువ, నీళ్ళు తక్కువ. టకోయాకి పిండిని పులియబెట్టరు. లోపల జారుగా ఉండిపోవడమే దానికి అందం.

ఉండల మీద సాస్ పోసి, గులాబీ రంగు కాగితం ముక్కల్లాంటివి చల్లాడు. అవి కదిలాయి. ప్రాణమున్నట్టు వంగి, లేచి, మెలికలు తిరిగాయి. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కన నిలబడిన చిన్న పిల్ల మాత్రం వదలకుండా చూస్తూనే ఉంది. అవి కట్సుఒబుషి అనే ఎండు చేప పొరలు. ట్యూనా చుట్టమైన చేపను ఉడికించి, మళ్ళీ మళ్ళీ పొగబెట్టి, మంచి రకానికైతే ఒక రకం బూజు కూడా పట్టించి ఎండలో ఆరబెడతారు. నెలల తరబడి సాగే పని. చివరికి అది కట్టె ముక్కలా తయారవుతుంది, రెండిటిని కొడితే చప్పుడు కూడా కట్టె చప్పుడే. దాన్ని వడ్రంగి చిత్రిక లాంటి పనిముట్టు మీద తోముతారు. వచ్చే పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మన లక్షద్వీప్‌లోనూ ఇదే జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్’ తయారు చేస్తారు.

ఆ కదలికకు కారణం ఆవిరి. పొర అడుగు వైపుకు ఉండ నుంచి వచ్చే తడి తగులుతుంది, పై వైపు పొడిగానే ఉంటుంది. తడి తాగిన వైపు ఉబ్బి సాగితే పొర రెండో వైపుకు వంగుతుంది. కాసేపటికి తడి సర్దుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. వేడి గాలి పైకి లేస్తూ మరికాస్త ఊపుతుంది. ఎండలో పెట్టిన అప్పడం అంచులు లేచి వంకర పోవడం చూశాం కదా. అక్కడ ఒక వైపు ముందు ఆరుతుంది, ఇక్కడ ఒక వైపు ముందు తడుస్తుంది.

అమ్మ బాగా ఊదుకుని, సగం కొరికి, నెమ్మదిగా నమిలింది. "ఎండు రొయ్యలు, టమాట వండినట్టుంది" అన్నది.

ఆ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. పెనం పోలిక పైకి కనిపించేది. రుచి పోలిక అలా కాదు, దాని వెనక వందేళ్ళు దాటిన రసాయన శాస్త్రం ఉంది.

1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇకెడా కికునాయె, కొంబు అనే సముద్రపు నాచు వేసి కాచిన చారులో ఉన్న ఒక రుచి తీపీ కాదు, పులుపూ కాదు, ఉప్పూ కాదు, చేదూ కాదని గుర్తించాడు. అది దేని వల్ల వస్తోందో తేల్చాలని నాచును మరిగించి, వడగట్టి, ఒక్కో పదార్థాన్నీ తీసేస్తూ పోతే చివరికి గ్లుటామేట్ తేలింది. కొత్త పదార్థమేమీ కాదు. 1866లోనే జర్మనీలో రిట్‌హౌసెన్ దాన్ని గోధుమలోని గ్లూటెన్ నుంచి తీసి, ఆ పేరు మీదే పేరు పెట్టాడు. దానికి రుచి ఉందని, అది నాలుక గుర్తుపట్టే వేరే రుచి అని చెప్పింది మాత్రం ఇకెడా. దానికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే దాన్ని తెల్లటి పలుకులుగా అమ్మడం మొదలైంది. మన బండ్ల మీద టేస్టింగ్ సాల్ట్ అనేది అదే. దాని గురించి భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ టమాటలో ఉన్న గ్లుటామేట్, ఆ డబ్బాలో ఉన్న గ్లుటామేట్ ఒకటే. తల్లి పాలల్లోనూ అది బాగా ఉంటుంది.

1913లో ఇకెడా శిష్యుడు కొదామా ఎండు చేపలో అదే జాతి రుచినిచ్చే మరో పదార్థాన్ని పట్టుకున్నాడు, ఐనోసినేట్. చేప బతికి ఉన్నప్పుడు కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ, చనిపోయాక విరిగి విరిగి ఐనోసినేట్ దగ్గరికి వస్తుంది. అలాగే వదిలేస్తే ఇంకా విరిగి రుచి పోతుంది. సరైన వేళకు ఉడికిస్తే ఆ పని అక్కడితో ఆగుతుంది. 1950ల చివర్లో కునినాకా అనే శాస్త్రవేత్త అసలు విషయం బయటపెట్టాడు. ఈ రెండూ విడివిడిగా ఇచ్చే రుచి కన్నా, కలిస్తే వచ్చే రుచి ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకటీ ఒకటీ రెండు అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ఎందుకు పనిచేయదో ఈ శతాబ్దంలోనే తెలిసింది. నాలుక మీద గ్లుటామేట్‌ను పట్టే గ్రాహకం 2002 నాటికి దొరికింది. పురుగుల్ని పట్టే మొక్క ఆకులా దానికి రెండు రెక్కలుంటాయి. గ్లుటామేట్ లోపల, కీలు దగ్గర కూర్చుంటే రెక్కలు మూసుకుని మెదడుకు కబురు వెళ్తుంది. ఐనోసినేట్ అదే గ్రాహకంలో రెక్కల అంచు దగ్గర కూర్చుని, మూసుకున్న రెక్కలు తెరుచుకోకుండా పట్టి ఉంచుతుందని 2008లో ఒక పరిశోధన చూపింది. గడియ పెట్టినట్టు. కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది.

ఇప్పుడు అమ్మ కూర సంగతి. పండిన టమాటలో, అందులోనూ గింజల చుట్టూ ఉండే గుజ్జులో, గ్లుటామేట్ ఎక్కువ. ఎండు రొయ్యల్లో ఐనోసినేట్, దాని దగ్గరి చుట్టాలు ఉంటాయి. కొంబు, ఎండు చేప కలిపి జపాన్ వాళ్ళు కాచే రసం లెక్క ఏదో, టమాటలో గుప్పెడు ఎండు రొయ్యలు వేసే మన కూర లెక్క కూడా అదే. దినుసులు వేరు, నాలుక మీద జరిగే పని ఒకటే. గింజలు తీసేసి టమాట వండమని చెప్పేవాళ్ళు ఈ రుచినే పారేస్తున్నారు.

ఆ అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. మొదట్లో ఇంట్లో బోరు నీళ్ళతో నాచు రసం కాస్తే రుచే దిగలేదట. ఇప్పుడు ఫిల్టర్ నీళ్ళ క్యాన్ కొని కాస్తున్నాడు. మా ఇంట్లో కూడా బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, గంట పెట్టినా పలుకులు పలుకులుగానే ఉంటుంది. కారణం రెండు చోట్లా బోరు నీళ్ళలోని కాల్షియమే. పప్పు కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్‌ను అది బిగించేస్తుంది. నాచులో ఉండే ఆల్జినేట్‌ను కూడా అలాగే గట్టిపరచి, లోపలి రుచిని బయటికి రానివ్వదు. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టించే నీళ్ళతో వేగే మన జిల్లాల వాళ్ళకు ఇది వేరే చెప్పాలా!

మనం షడ్రుచులు అంటాం. తీపి, పులుపు, ఉప్పు, చేదు నిజంగా రుచి మొగ్గలు పట్టేవే. కారం మాత్రం వేడిని, మంటను పసిగట్టే నరాల పని. ఆ నరాల్లో కారాన్ని పట్టే గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వగరు ఎక్కువగా స్పర్శ, లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసి నోటిని పిడచ కట్టిస్తుంది. ఆరింటిలో ఉమామి లేదు. అయితే మాట లేదనడం తప్పు. పప్పు కమ్మగా ఉంది, కూర కమ్మగా కుదిరింది అంటామే, ఆ కమ్మదనంలో నెయ్యి వాసన, పాల చిక్కదనం కూడా ఉంటాయి కానీ, ఉమామికి మన భాషలో అంత దగ్గరి మాట ఇంకోటి లేదనుకుంటాను. పాఠ్య పుస్తకాల్లో దాన్నే వాడితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

ఆదివారం ఇంట్లో మూడు గిన్నెలు పెట్టాం. ఒకదాంట్లో టమాట గుజ్జు నీళ్ళలో కాచి వడగట్టింది. రెండోదాంట్లో వేయించిన ఎండు రొయ్యలు కాచి వడగట్టింది. మూడోదాంట్లో ఆ రెండూ సగం సగం. దేంట్లోనూ ఉప్పు లేదు. ఏది ఏదో చెప్పకుండా అమ్మకు ఒక్కో చెంచా ఇచ్చాను. మొదటిది పుల్లగా ఉందన్నది. రెండోది నీసు వాసన వస్తుందన్నది. మూడోది నోట్లో పోసుకుని కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "దీంట్ల ఉప్పేసినవు గదా?" అని అడిగింది.

వేయలేదన్నాను. చెంచా పక్కన పెట్టి, గిన్నె ఎత్తి తాగింది.