నలుపు తెలుపు దెయ్యాలకు రంగులు పూసిన పేరులేని చేతులు

పాత మెక్సికన్ హారర్ సినిమాల పోస్టర్ల కోసం, హాళ్ల బయట పెట్టిన లాబీ కార్డుల కోసం సేకర్తలు ఇప్పుడు వెతుక్కుంటున్నారు. వాటిలో చాలావాటి మీద గీసినవాళ్ల సంతకమే ఉండదు.

ఈ అలవాటు సినిమాకంటే పాతది. మెక్సికో నగరంలో వానేగాస్ అర్రోయో అనే ప్రచురణకర్త హత్యల వార్తలు, వింతలు, పాటలు చౌక కాగితం మీద అచ్చేసి వీధుల్లో అమ్మించేవాడు. వాటికి బొమ్మలు చెక్కింది హోసే గ్వాదలూపే పొసాదా. పళ్లికిలించే పుర్రెలు, టోపీలు పెట్టుకున్న అస్థిపంజరాలు ఆయనవే. 1913లో పేదవాడిగానే పోయాడు. 1920లలో జాఁ షార్లో అనే చిత్రకారుడు వెలికితీసేదాకా ఆయన పేరూ మరుగునే ఉంది.

1933లో 'లా యోరోనా' అనే హారర్ సినిమా వచ్చింది. పిల్లల్ని పోగొట్టుకుని ఏడుస్తూ తిరిగే ఆడదెయ్యం కథ అక్కడ ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడినవాళ్లు ఓడలెక్కి మెక్సికో చేరారు. ఆ ఓడిన రిపబ్లిక్ పక్షాన యుద్ధ పోస్టర్లు వేసిన హోసెప్ రెనావ్, ఆయన భార్య మనుయేలా బాయెస్తేర్ అలా వచ్చినవాళ్లే. బతుకుతెరువుకు సినిమా పోస్టర్లు వేశారు. దూరం నుంచే చూపును పట్టి లాగే కూర్పు వాళ్లకు యుద్ధం నేర్పిన విద్య.

హారర్ సినిమాల అసలు జోరు 1957లో 'ఎల్ వాంపిరో' (రక్తపిశాచి)తో మొదలైంది. సినిమా నలుపు తెలుపు. లాబీ కార్డు మీద మాత్రం పచ్చటి మొహాలు, ఎర్రటి ఆకాశం, ఏటవాలుగా చేత్తో రాసిన పేరు. ఒక పక్కన సినిమా ఫోటో, చుట్టూ బొమ్మ. ఒక సినిమాకు వేసిన కార్డుల సెట్టులో ఫోటోలు మారతాయి, బొమ్మ మారదు. ఒక్క బొమ్మతో సెట్టంతా గడిచిపోతుంది! 1962 నాటి 'ఎల్ బారోన్ దెల్ తెర్రోర్'లో మెదళ్లు పీల్చే రాక్షసుడు తెర మీద రబ్బరు ముసుగే, చూస్తే నవ్వొస్తుంది. భయపెట్టే పని చిత్రకారుడి మీదే పడింది, నా లెక్కన సినిమాకన్నా అతనే గెలిచాడు. అదే ఏడాది మల్లయోధుడు సాంతో తెర మీద రక్తపిశాచి స్త్రీలతో తలపడ్డాడు. అతని వెండి ముసుగుతో పోస్టరుకు ఎక్కడినుంచైనా గుర్తుపట్టే మొహం దొరికింది.

హాస్యనటుడు తిన్ తాన్ కామెడీల పోస్టర్ల మీద మాత్రం గార్సియా కాబ్రాల్ సంతకం కనిపిస్తుంది. పత్రికల్లో కార్టూన్లతో ఆయనకు అప్పటికే పెద్ద పేరుంది. ఆ పేరు లేనివాళ్ల పని కూలి కిందే జమ అయింది.