పాలు తాగే బిడ్డ నుదుటి మీద చెమట

రెండు నెలల బిడ్డ తల్లి ఒళ్లో పాలు తాగుతోంది. నాలుగు గుక్కలు మింగి వదిలేస్తుంది, ఆయాసపడుతుంది, మళ్లీ అందుకుంటుంది. పైన ఫ్యాన్ తిరుగుతున్నా నుదుటి మీద చెమట పడుతుంది. కడుపు నిండకుండానే అలిసిపోయి నిద్రపోతుంది, అరగంటకే లేచి ఏడుస్తుంది. దిష్టి తగిలిందని ఇంట్లో పెద్దవాళ్లు ఉప్పు తిప్పి పడేస్తారు. తల్లికి పాలు చాలడం లేదేమో అంటారు. కానీ ఆ వయసులో పాలు తాగడమే పెద్ద కష్టం. గుండె సత్తువ చాలకపోతే ముందు బయటపడేది అక్కడే.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో 8 నుంచి 10 మంది పిల్లలకు గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. మనం 'గుండెకు చిల్లు పడింది' అంటాం. నిజానికి అక్కడ చిల్లు పడలేదు, గోడ పూర్తికాలేదు. పిండానికి మూడు వారాలు దాటగానే గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికది ఒట్టి గొట్టం. అది మెలి తిరిగి, లోపల గోడలు లేచి, ఎనిమిదో వారానికల్లా నాలుగు గదులవుతుంది. నెల తప్పిందని తెలిసి ఇంట్లో చెప్పుకునేలోపే ఈ పని చాలావరకు అయిపోతుంది. అందుకే గ్రహణం నాడు బయటికొచ్చావంటూ కోడలిని నిందించడం అన్యాయం. ఎక్కువమంది విషయంలో ఇదీ కారణమని వేలెత్తి చూపలేం. గర్భం తొలి వారాల్లో వచ్చే రుబెల్లా, అదుపులో లేని షుగర్, మూర్ఛకు వాడే కొన్ని మందులు ముప్పు పెంచుతాయి. అలాగని మందులు సొంతంగా మానేయకూడదు, డాక్టర్ మారుస్తారు. మేనరికాల్లోనూ ఈ ముప్పు కొంత ఎక్కువే.

కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉందనుకోండి. ఒంటికి వెళ్లాల్సిన రక్తంలో కొంత ఎడమ నుంచి కుడికి దారి మళ్లి, మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పుట్టిన రోజుల్లో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇది పెద్దగా బయటపడదు. ఆ ఒత్తిడి తగ్గేకొద్దీ వరద పెరుగుతుంది. ఆసుపత్రి నుంచి 'బిడ్డ బాగుంది' అనిపించుకుని వచ్చాక, నెలా రెండు నెలలకు ఆయాసం, చెమట, మాటిమాటికీ నిమోనియా మొదలయ్యేది అందుకే.

నాకు అన్నిటికన్నా భయం వేసే మాట 'కాస్త పెద్దయ్యాక చూద్దాం'. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి, నిజమే. కానీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించి, మళ్లీ ఫలానా నెలలో రమ్మని డాక్టర్ చెప్పి ఆగడం వేరు, మనమే ఆగిపోవడం వేరు. పెద్ద రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోతాయి. ఒకసారి ఆ దశ దాటితే రంధ్రం మూయడమే ప్రాణం మీదికి తెస్తుంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా పరికరం పంపి మూయగలిగేదో, ఆపరేషన్ చేసి కుట్టగలిగేదో, ఇక మందులతో నెట్టుకురావాల్సిన జబ్బవుతుంది.

ఒళ్లు నీలంగా మారే పిల్లల కథ వేరు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే లోపంలో ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు. ఆడుతూ ఆడుతూ పిల్లవాడు ఉన్నట్టుండి గొంతుక్కూర్చుంటాడు. ఎవరూ నేర్పరు. కాళ్లు మడిచినప్పుడు ఒంటివైపు రక్తానికి అడ్డు పెరిగి, మరికాస్త రక్తం ఊపిరితిత్తులవైపు మళ్లుతుంది. ఈ పిల్లలకు తొలి ఆపరేషన్ 1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో జరిగింది. ఊపిరితిత్తులకు కొత్త దారి వేయాలన్న ఆలోచన డాక్టర్ హెలెన్ టాసిగ్‌ది, కత్తి పట్టింది ఆల్ఫ్రెడ్ బ్లాలాక్. ఆయన వెనక స్టూలెక్కి నిలబడి, కుట్టు ఎలా వేయాలో చెప్పింది వివియన్ థామస్ అనే నల్లజాతి ల్యాబ్ సహాయకుడు. డాక్టర్ డిగ్రీ లేదు, కానీ కుక్కల మీద ఆ ఆపరేషన్‌ను పదేపదే చేసి రూపుదిద్దింది ఆయనే. చాలా ఏళ్లపాటు దానికి ఆయన పేరు పెట్టలేదు. ఇప్పుడు మొత్తం లోపాన్ని చాలామందికి మొదటి ఏడాదిలోనే సరిచేస్తున్నారు.

మన పిల్లల చామనఛాయ ఒంటి మీద నీలం అంత తేలిగ్గా కనబడదు. నాలుక, పెదవుల లోపలివైపు, చిగుళ్లు చూడాలి. ఇంకా మేలు, కరోనా రోజుల్లో మనం వేలికి పెట్టుకున్న ఆక్సిమీటర్ లాంటిదే. బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక కుడి చేతికి, ఒక కాలికి పెట్టి చూస్తారు. నొప్పి లేదు, కొన్ని నిమిషాల పని. 90 కన్నా తక్కువ వస్తే వెంటనే పరీక్షలు చేయాలి. డిశ్చార్జికి ముందు ఆ పరీక్ష చేశారా అని మొహమాటపడకుండా అడగండి.

డబ్బు టెన్షన్ ఉన్నా ఆగిపోవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద పిల్లల గుండె ఆపరేషన్లు చేస్తూనే ఉన్నారు. 2021లో తిరుపతిలో టీటీడీ పిల్లల గుండె ఆసుపత్రి కూడా తెరిచింది.

ఇంకొక్క మాట. ఆపరేషన్ అయిన ఆడపిల్ల పెళ్లీడుకొచ్చాక ఆ సంగతి దాచేసి, కాగితాలు చించేసే ఇళ్లున్నాయి. ఆ ఫైల్ పారేయకండి. రేపు ఆమె గర్భం దాల్చితే గుండె డాక్టర్ ముందుగా అడిగేది ఆ కాగితాలే. ఐదో నెల ప్రాంతంలో కడుపులోని బిడ్డ గుండెకూ ఎకో తీయించాల్సి ఉంటుంది.