బలపం ముక్క, మేకు, గోలీసోడా సీసా మెడ

ఆస్ట్రేలియాలో 19వ శతాబ్దపు బ్రిటిష్ వలసదారులు అడవి నరికి కట్టుకున్న చిన్న ఇళ్లలో చాలావాటికి ఇప్పుడు మిగిలింది పొగగొట్టం దిబ్బ ఒక్కటే. చెక్క గోడల్లో కొన్ని చెదలకు పోయాయి, కొన్ని కార్చిచ్చుకు. రాతితోనో ఇటుకతోనో కట్టిన పొగగొట్టం మాత్రం కుప్పకూలి అక్కడే పడి ఉంటుంది. పొయ్యి ఎటు ఉందో తెలిస్తే ఇల్లు ఎటు ఉందో తెలుస్తుంది కాబట్టి, తవ్వడానికి అదే మంచి ఆనవాలు.

అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా దొరికేవి మేకులు. తుప్పు ముద్దలని తీసి పారేస్తే గోడ చరిత్రనే పారేసినట్టు. కమ్మరి కొట్టిన మేకు నాలుగు పక్కలా సన్నబడుతూ మొనదేరుతుంది. ఇనప రేకు నుంచి యంత్రం కోసిన మేకు రెండు పక్కలే సన్నబడుతుంది. ఒళ్లంతా గుండ్రంగా ఉంటే తీగ మేకు, అంటే 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో బాగా వాడుకలోకి వచ్చిన రకం. ఆకారం కూడా చూడాలి. తిన్నగా ఉన్న మేకులే ఎక్కువైతే చెక్క ఉన్నచోటే కుళ్లి ఉండవచ్చు. వంగినవి ఎక్కువైతే ఎవరో పలకలు ఊడదీసి వేరేచోట వాడుకుని ఉండవచ్చు. తవ్వి తీసిన ఇనుమును కడిగి తడిగానే సంచిలో మూట కడితే, లోపలి ఉప్పు వల్ల తుప్పు మళ్లీ మొదలై పొరలు పొరలుగా ఊడిపోతుంది. పూర్తిగా ఆరబెట్టి, తేమను పీల్చే సిలికా జెల్‌తో గాలిలో తేమ 20 శాతం దాటని డబ్బాలో దాచాలి.

చెక్క నేల ఉన్న ఇంట్లో పలకల సందులే అసలు ఖజానా. ఊడ్చినప్పుడల్లా గుండుసూదులు, పూసలు, గుండీలు, బలపం ముక్కలు ఆ సందుల్లోంచి కిందికి జారతాయి. మట్టిని 6 మిల్లీమీటర్ల కళ్లున్న జల్లెడతో పడితే వీటిలో చాలావరకు మట్టితో పాటే పోతాయి. 3 మిల్లీమీటర్లదో, ఇంకా సన్నదో కావాలి. సిడ్నీలో 1819లో ఖైదీల కోసం కట్టిన హైడ్ పార్క్ బ్యారక్స్‌లో ఎలుకలు గుడ్డపీలికలను, కాగితాలను నేల కిందికి లాక్కుపోయి గూళ్లు కట్టుకున్నాయి. పొడిగా ఉండటం వల్ల అవి నేటికీ నిలిచాయి.

బలపం ముక్కను భూతద్దం కింద పెట్టి చూడండి. ఒక కొస వాలుగా, నున్నగా అరిగి ఉంటే ఒకే కోణంలో పట్టుకుని చాలాకాలం రాశారన్నమాట. రెండు కొసలూ గరుగ్గా ఉంటే అది విరిగి పడిన ముక్కే. బలపం కనిపించగానే పిల్లల చదువు అనేయకూడదు. పాలు, పిండి లెక్కలు పెద్దవాళ్లూ పలక మీదే వేసుకునేవారు.

పింగాణీ పెంకులు నలభై దొరికాయంటే నలభై పళ్లేలని కాదు. అంచు ముక్క వంపును వృత్తాలు గీసిన కాగితం మీద ఆనిస్తే పళ్లెం వ్యాసమెంతో, ఆ ముక్క చుట్టుకొలతలో ఎన్నో వంతో తెలుస్తుంది. ఒకే నమూనా, ఒకే వ్యాసం ఉన్న ముక్కల శాతాలు కలిపితే 130 వచ్చిందనుకోండి, కనీసం రెండు పళ్లేలు. అడుగున వజ్రం ఆకారపు ముద్ర ఉంటే ఆ నమూనా బ్రిటన్‌లో 1842–1883 మధ్య నమోదైనట్టు. కానీ పళ్లెం కొన్న ఏడే పగలదు, ఇరవై ఏళ్లు వాడాక పగలొచ్చు.

వలసదారుల ఇల్లు అనగానే అక్కడున్నవన్నీ వలసదారులవే అనుకోవడం పొరపాటు. సిడ్నీ పరిసరాల్లో తొలినాళ్ల గోడల గుల్లసున్నం కోసం, ఆదివాసులు తరతరాలుగా తిని పోసిన ఆల్చిప్పల గుట్టలనే తవ్వి కాల్చారు. పారేసిన సారా సీసాల మందపాటి అడుగుభాగాలను ఆదివాసులు రాతిని చెక్కినట్టే చెక్కి పనిముట్లు చేసుకున్నారు. పశువులు తొక్కినా గాజు అంచు పగులుతుంది. అయితే ఆ పగుళ్లు రెండు వైపులా చెల్లాచెదురుగా ఉంటాయి. చెక్కిన గాజుకు ఒకే వైపున, వరసగా, ఇంచుమించు సమానమైన చిన్న పెచ్చులు లేచి ఉంటాయి. తేడా తెలియనివాళ్లు ఈ ముక్కలను చెత్తలో కలిపేస్తే, ఆ నేల మీద బతికిన మనుషులే లెక్కలోంచి తప్పిపోతారు. ఈ అన్యాయం జరగకూడదు.

ఇక మన గోలీసోడా సీసా. హైరమ్ కాడ్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసు గోలీని పైకి నెట్టి మెడలోని రబ్బరు చుట్టకు బిగిస్తుంది. మెడ కింది నొక్కు గోలీని సీసా అడుగుకు జారనివ్వదు. అందుకే చిన్న ముక్క దొరికినా గుర్తుపట్టొచ్చు: నొక్కిన మెడ, లేదా మూతి లోపల రబ్బరు కూర్చునే గాడి. గోలీల కోసం పిల్లలు సీసాలు పగలగొట్టేవారు కాబట్టి, గీతలూ రంగులూ లేని గాజు గోలీ విడిగా దొరికితే అదీ ఈ సీసాదే కావచ్చు.

మట్టి పొర కాలాన్ని నిర్ణయించేది అందులోని అన్నిటికన్నా కొత్త వస్తువు. ఒక పొరలో యంత్రం కోసిన మేకులు, వజ్రం ముద్రున్న పెంకు, గోలీసోడా సీసా మెడ కలిసి దొరికితే ఆ చెత్త 1872కు ముందు పోసింది కాదు. సీసాలు పోగుచేసేవాళ్లు ఆ మెడను ముందే లాక్కుపోతే, అదే పొర 1842 తర్వాతిదని మాత్రమే చెప్పగలం. 30 ఏళ్లు, అంటే ఆ ఇంట్లో ఒక తరం కాపురం, లెక్కకు దొరక్కుండా పోతుంది.